బెంచ్ భయం

పోయిన నవంబర్‌లో ఒక శనివారం పొద్దున, ఐస్ హాకీ ప్రాక్టీస్ అయ్యాక మా అమ్మాయి కారెక్కి, హెల్మెట్ వెనక సీట్లో పడేసి, సీటు బెల్టు కూడా పెట్టుకోకముందే "అమ్మా, నువ్వు కోచ్‌తో ఏం మాట్లాడకు, ప్లీజ్" అంది. నేను మాట్లాడతానని తనతో అనలేదు. స్టాండ్స్‌లో కూర్చున్న నా మొహం చూసి ఉంటుంది. ఆ రోజు వాళ్ళ టీమ్‌లో ఒక పిల్ల పాస్ తప్పితే ఆ కోచ్ అన్న మాట నేనిక్కడ రాయను. పదకొండేళ్ళ పిల్లని అనే మాట కాదది. ఆ పిల్ల ఐస్ చుట్టూ ఉండే బోర్డు దగ్గర మోకాళ్ళ మీద అలాగే ఉండిపోతే మిగతా పిల్లలందరూ నీళ్ళ బాటిళ్ళ వైపు చూశారు, స్టాండ్స్‌లో ఉన్న పెద్దవాళ్ళం మేమంతా ఫోన్ల వైపు చూశాం.

"ఎందుకు మాట్లాడొద్దు?" అని అడిగాను.

"మాట్లాడితే నన్ను బెంచ్ మీద కూర్చోబెడతారు."

మూడే మూడు సీజన్లు ఆడింది తను. ఈ మూడు సీజన్లలో వెనక్కి స్కేట్ చేయడం నేర్చుకుంది, షాట్ కొట్టడం నేర్చుకుంది, దాంతోపాటు ఇది కూడా నేర్చుకుంది. అప్పటి నుంచి ఈ విషయం రాయాలని ఉంది.

మాది వరంగల్. హాకీ అంటే చిన్నప్పుడు నాకు తెలిసింది టీవీలో ధన్‌రాజ్ పిళ్ళై, జుట్టు ఎగురుతుండగా బంతిని పట్టుకుని పరిగెత్తడం. కెనడాలోని కాల్గరీ వచ్చాక తెలిసింది, ఇక్కడ హాకీ అంటే ఐస్ మీద ఆడేదేనని, మనం ఆడేదాన్ని ఫీల్డ్ హాకీ అని విడిగా చెప్పాలని. మా ఆయన ఆఫీసువాళ్ళ పుణ్యమా అని ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడా టీమ్‌లు ఆడే పెద్ద ఐస్ హాకీ లీగ్) మ్యాచ్‌లు చూడటం మొదలుపెట్టాం, రెండేళ్ళు తిరిగేసరికి ఆయనకంటే నాకే పిచ్చి ఎక్కువైంది. కానీ ఒక్క విషయం మాత్రం మొదటి నుంచీ అర్థం కాలేదు. పీరియడ్ల మధ్య ఆటగాళ్ళతో మాట్లాడిస్తారు కదా, ఎవరిని అడిగినా అదే జవాబు. పక్‌ను (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ) లోపలికి పంపాలి, సింపుల్‌గా ఆడాలి, అబ్బాయిలు బాగా కష్టపడుతున్నారు, ఒక్కో మ్యాచ్ చూసుకుంటూ వెళ్తాం. మూడు గోల్స్ కొట్టినవాడు కూడా తన గోల్స్ గురించి మాట్లాడడు, పాస్ ఇచ్చినవాడి గురించే చెప్తాడు. మొదట్లో నాకిది ముచ్చటగా ఉండేది. ఎంత వినయం అనుకున్నాను. మనల్ని కూడా 'ఊరుకున్నంత ఉత్తమం లేదు' అనే పెంచారు కదా, నాకది మన ఇంటి పద్ధతిలాగే కనిపించింది.

వినయం నిజమే కావచ్చు, చాలామందిలో ఉంది కూడా. కానీ అందులో ఎంత వినయమో ఎంత భయమో బయటివాళ్ళకి తెలియదు. నాకు తెలిసొచ్చింది 2019 నవంబర్‌లో, మా ఊళ్ళోనే.

ఆ నెల 20న ఎన్‌హెచ్‌ఎల్ టీమ్ టొరంటో మేపుల్ లీఫ్స్ తమ కోచ్ మైక్ బాబ్‌కాక్‌ను తీసేసింది. కొద్ది రోజుల్లోనే ఒక పాత సంగతి బయటికొచ్చింది. మిచ్ మార్నర్ అనే కుర్రాడు టీమ్‌లోకి కొత్తగా వచ్చినప్పుడు, ఎవరు బాగా కష్టపడతారో ఎవరు పడరో సహచరులందరినీ వరుసలో పెట్టి రాయమని బాబ్‌కాక్ అడిగాడట, తర్వాత ఆ కాగితంలోని విషయం కింద ఉన్నవాళ్ళకి చెప్పేశాడట. కొత్త కుర్రాడు, కోచ్ అడిగితే రాయనని ఎలా అంటాడు? దీని మీద అందరూ మాట్లాడుకుంటున్నప్పుడు, నవంబర్ 25న, అకీమ్ అలియు అనే ఆటగాడు ట్విట్టర్‌లో రాశాడు, బాబ్‌కాక్ శిష్యుడు కూడా అలాంటివాడేనని. పేరు రాయలేదు. ఊరి పేరు బదులు కాల్గరీ విమానాశ్రయం కోడ్ రాశాడు. అంటే అప్పటి మా కాల్గరీ ఫ్లేమ్స్ కోచ్ బిల్ పీటర్స్.

అలియు నైజీరియాలో పుట్టాడు, ఉక్రెయిన్‌లో పెరిగాడు, తర్వాత కెనడా వచ్చాడు. 2009-10 సీజన్‌లో చికాగో వాళ్ళ కింది టీమ్ రాక్‌ఫర్డ్‌లో పీటర్స్ కోచ్‌గా ఉన్నప్పుడు, డ్రెస్సింగ్ రూమ్‌లో అలియు పెట్టిన పాటలు నచ్చక పీటర్స్ నల్లజాతి వాళ్ళని తిట్టే ఆ బూతుమాట వాడాడు, ఒక్కసారి కాదు. ఎదురు మాట్లాడిన అలియుని ఇంకా కింది లీగ్‌కి పంపించేశారు. పదేళ్ళు ఆ మాట అతని లోపలే ఉండిపోయింది. ట్వీట్ తర్వాత, పీటర్స్ అంతకుముందు కోచ్‌గా ఉన్న కరోలినా టీమ్ నుంచి మిఖాల్ యోర్డాన్ అనే ఆటగాడు కూడా మాట్లాడాడు, బెంచ్ దగ్గర పీటర్స్ తనను తన్నాడని, ఇంకొకర్ని కొట్టాడని. అప్పుడు అక్కడ అసిస్టెంట్ కోచ్‌గా ఉన్న రాడ్ బ్రిండమోర్ అది నిజమేనన్నాడు. నవంబర్ 29న పీటర్స్ రాజీనామా చేశాడు. నాలుగు రోజులు. పదేళ్ళుగా ఎవరికీ పట్టనిది నాలుగు రోజుల్లో తేలిపోయింది. డిసెంబర్‌లో లీగ్ కమిషనర్ గారీ బెట్‌మాన్ కొత్త నియమాలు ప్రకటించాడు, ఇలాంటిది ఏది తెలిసినా టీమ్‌లు వెంటనే లీగ్‌కి చెప్పాలని, ఫిర్యాదులకి హాట్‌లైన్ పెడతామని.

ఆ వారం మా పాట్‌లక్‌లలో, పిల్లల రింక్‌లలో నేను విన్న ప్రశ్న ఒక్కటే, "పదేళ్ళు ఏం చేశాడు?" అని. నాకు ఒళ్ళు మండిపోయేది. ఏం చేశాడో అతని చరిత్ర చూస్తే తెలుస్తుంది. అంతకుముందు 2005లో, పదహారేళ్ళప్పుడు, విండ్సర్ జూనియర్ టీమ్‌లో కొత్తవాళ్ళని ఏడిపించే ర్యాగింగ్‌కి ఒప్పుకోలేదు. దాని తర్వాత ప్రాక్టీస్‌లో సొంత టీమ్ వాడే కర్రతో మొహం మీద కొడితే పళ్ళు ఊడాయి. అప్పటి నుంచి అతని పేరు పక్కన 'గొడవలు పెట్టుకునేవాడు' అనే ముద్ర. రెండోసారి మాట్లాడితే ఏమవుతుందో ఆ వయసుకే అతనికి తెలుసు. 2007లో టీమ్‌లు కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో రెండో రౌండ్‌లోనే తీసుకున్న ఆటగాడు ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడింది మొత్తం 7 మ్యాచ్‌లు, అవీ మా కాల్గరీకే. ఆ కోచ్ మాత్రం 2023లో ఇక్కడికి రెండు గంటల దూరంలోని లెత్‌బ్రిడ్జ్ జూనియర్ టీమ్‌కి మళ్ళీ కోచ్‌గా వచ్చాడు. మనిషి మారాడని అంటున్నారు, మారే ఉండొచ్చు, మారితే నాకూ సంతోషమే. కానీ అలియు పోగొట్టుకున్న ఏళ్ళని తిరిగిచ్చే లీగ్ ఏదీ లేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. డ్రెస్సింగ్ రూమ్‌కి తలుపు ఉంటుంది, ఆ తలుపు వెనక జరిగేది చూసేది ఆటగాళ్ళు మాత్రమే. విలేకరి చూడడు, టికెట్ కొన్న మనం చూడం, యజమాని చూసినా చూడనట్టే ఉంటాడు. వాళ్ళు మాట్లాడకపోతే మనకి తెలిసే దారే లేదు. అందుకే ఆటగాడి నోరు అతని సొంత వ్యవహారం అని నేను ఒప్పుకోను, అతను ఒక సాక్షి. సాక్షి నోరు మూయించి, దానికి టీమ్ స్పిరిట్ అని పేరు పెట్టడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

కైల్ బీచ్ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది. 2010లో చికాగో బ్లాక్‌హాక్స్‌లో, ఇరవై ఏళ్ళ వయసులో, టీమ్ వీడియో కోచ్ తన మీద లైంగిక దాడి చేశాడని అతను అప్పుడే లోపలివాళ్ళకి చెప్పాడు. అంటే అతను నోరు తెరిచాడు. మే 23న పెద్దవాళ్ళంతా ఒక గదిలో కూర్చుని ఆ విషయం మాట్లాడుకున్నారు, కానీ ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఫైనల్ ముందుంది, అందుకని పక్కన పెట్టారు. కప్ గెలిచారు. కప్ మీద ఆ వీడియో కోచ్ పేరు కూడా చెక్కారు. అతను నెమ్మదిగా రాజీనామా చేసి వేరే చోటికి వెళ్ళిపోయాడు, అక్కడ మిషిగన్‌లో పదహారేళ్ళ అబ్బాయి మీద నేరానికి జైలుకి వెళ్ళాడు. 2021 అక్టోబర్‌లో విచారణ నివేదిక బయటికొచ్చిన మర్నాడు బీచ్ తన పేరుతో, తన ముఖంతో టీవీ ముందుకొచ్చాడు. ఆ ఇంటర్వ్యూలో ఆ మిషిగన్ అబ్బాయికి క్షమాపణ చెప్పుకున్నాడు, తాను ఇంకా చేసి ఉండాల్సిందని. చెప్పినవాడు క్షమాపణ అడుగుతున్నాడు, విన్నవాళ్ళు పదకొండేళ్ళు ఉద్యోగాలు చేసుకున్నారు! జనరల్ మేనేజర్ స్టాన్ బౌమన్ రాజీనామా చేశాడు, అప్పటి కోచ్ జోయెల్ క్వెన్‌విల్ ఫ్లోరిడాలో ఉన్న ఉద్యోగం వదిలేశాడు, క్లబ్‌కి 20 లక్షల డాలర్ల జరిమానా పడింది, కప్ మీద ఆ పేరుని అక్షరాలు కనపడకుండా కొట్టేశారు. బీచ్ మాత్రం ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

ఇలాంటి ఘోరాలకే మాట్లాడాలని కాదు. తన ఒళ్ళు గురించి కూడా ఆటగాడు మాట్లాడటానికి లేదని నాకు జాక్ ఐకెల్ కథతో తెలిసింది. బఫెలో టీమ్ కెప్టెన్, 2021 మార్చిలో మెడలో డిస్క్ దెబ్బతింది. ఎముకలు అతికించే ఆపరేషన్ చేయించుకోమని టీమ్ డాక్టర్లు, కృత్రిమ డిస్క్ వేయించుకుంటానని అతను. అప్పటిదాకా ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాడెవరూ అది చేయించుకోలేదు. ఒప్పందం ప్రకారం చివరి మాట టీమ్‌ది. మెడ అతనిది, మాట వాళ్ళది. అతను ఊరుకోలేదు, సీజన్ చివర విలేకరుల ముందే టీమ్‌కీ తనకీ పొసగడం లేదని చెప్పేశాడు. సెప్టెంబర్‌లో కెప్టెన్సీ తీసేశారు. నవంబర్‌లో వేగాస్ టీమ్‌కి ట్రేడ్ చేశారు, ఎనిమిది రోజులకే అతను కోరుకున్న ఆపరేషన్ జరిగింది, ఫిబ్రవరికల్లా ఐస్ మీద ఉన్నాడు. 2023 జూన్‌లో వేగాస్ స్టాన్లీ కప్ గెలిచినప్పుడు కప్ కోసం ఆడే ప్లేఆఫ్స్ మొత్తంలో అందరికంటే ఎక్కువ పాయింట్లు (కొట్టిన గోల్స్, గోల్‌కి ఇచ్చిన పాస్‌లు కలిపి) అతనివే, 26. ఈలోగా టైలర్ జాన్సన్ అనే ఇంకో ఆటగాడు కూడా అదే ఆపరేషన్ చేయించుకున్నాడు. ఐకెల్ తల ఊపి ఊరుకుని ఉంటే జాన్సన్‌కి ఆ దారి అంత తేలిగ్గా దొరికేదా?

పిట్స్‌బర్గ్ స్టార్ మారియో లెమ్యూ 1992లో ఎన్‌హెచ్‌ఎల్‌ను 'గరాజ్ లీగ్' (గల్లీ స్థాయి లీగ్) అన్నందుకు 1,000 డాలర్లు జరిమానా వేశారు. అతని బాధేమిటంటే, ఆడగలిగినవాడిని ఆడలేనివాడు పట్టుకుని లాగుతున్నా, కర్రతో కొక్కెంలా లాక్కుంటున్నా రిఫరీలు చూసీ చూడనట్టు వదిలేస్తున్నారని. 1997లో రిటైరవుతూ కూడా అదే బాధ. 2004-05 సీజన్ మొత్తం లాకౌట్‌లో పోయాక, లీగ్ తిరిగొస్తూ చేసిన పెద్ద పనుల్లో ఒకటి ఆ పట్టుకుని లాగడాన్ని గట్టిగా శిక్షించడం. ఈ రోజు మనం చూసి కేకలు వేసే ఆ వేగం, అతను జరిమానా కట్టి అడిగిన వేగం. పదమూడేళ్ళు పట్టింది.

ఇప్పుడు టెడ్ లిండ్సే. వీళ్ళందరిలో నాకు ఎక్కువ ఇష్టం. 1950లలో డెట్రాయిట్‌లో ఆ కాలపు పెద్ద స్టార్ గోర్డీ హౌ పక్కన ఆడినవాడు, నాలుగు స్టాన్లీ కప్‌లు గెలిచినవాడు. అప్పుడు లీగ్‌లో ఉన్నవి ఆరే టీమ్‌లు. ఆటగాళ్ళు ఏడాదికి 900 డాలర్లు పెన్షన్ ఫండ్‌లో కట్టేవాళ్ళు, ఆ డబ్బు ఏమవుతోందో లెక్క చూపించమంటే చూపించేవాళ్ళు కాదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఇక్కడ అడిగినా పెట్టలేదు. 1957 ఫిబ్రవరిలో లిండ్సే ఆరు టీమ్‌ల ఆటగాళ్ళని కలిపి సంఘం పెడుతున్నామని ప్రకటించాడు. ఆ సీజన్‌లో అతను 85 పాయింట్లు చేశాడు, జీవితంలో అదే అత్యుత్తమం. జులైలో అతన్ని చికాగోకి పంపేశారు, అప్పట్లో అట్టడుగున ఉన్న టీమ్ అది. ముందుకొస్తే ఏమవుతుందో మిగతావాళ్ళకి అర్థమైంది, 1958కల్లా సంఘం కూలిపోయింది. మళ్ళీ ఆటగాళ్ళ సంఘం వచ్చింది 1967లో. ఆ పెన్షన్ డబ్బు సంగతి తేలింది 1992లో, ముసలివాళ్ళైపోయిన ఆటగాళ్ళు కోర్టుకెక్కితే, మిగులు డబ్బు వాళ్ళదేనని ఒంటారియో న్యాయస్థానం చెప్పాక.

మన దగ్గరా ఇదే. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో 32 ఏళ్ళ తర్వాత మనకి హాకీ బంగారు పతకం తెచ్చిన కెప్టెన్ ధన్‌రాజ్ పిళ్ళై. సౌకర్యాల గురించి, మ్యాచ్ డబ్బుల గురించి బాహాటంగా మాట్లాడాడు. పతకం మెడలో పడిన కొద్ది రోజులకే అతన్నీ, మరికొందరు సీనియర్లనీ జట్టులోకి తీసుకోలేదు. విశ్రాంతి ఇచ్చామన్నారు. అది చదివినప్పుడు నేను చిన్నపిల్లని, విశ్రాంతి అంటే నిజంగా విశ్రాంతే అనుకున్నాను.

ఇక్కడ నాతో వాదించే స్నేహితురాలు ఒకామె ఉంది, ఇరవై ఏళ్ళుగా హాకీ చూస్తోంది. "మరి టిమ్ థామస్?" అంటుంది. 2011లో బాస్టన్ కప్ గెలిస్తే 2012 జనవరిలో టీమంతా వైట్‌హౌస్‌కి వెళ్ళింది, గోల్‌కీపర్ థామస్ మాత్రం వెళ్ళలేదు, ప్రభుత్వం మరీ పెద్దదైపోయి పౌరుల హక్కులు తొక్కేస్తోందని ఫేస్‌బుక్‌లో రాశాడు. "మరి ప్రొవొరోవ్?" అంటుంది. 2023 జనవరిలో ఫిలడెల్ఫియా ఆటగాడు ఇవాన్ ప్రొవొరోవ్ తన మతం పేరు చెప్పి, స్వలింగ సంపర్కులు తదితరులకి మద్దతుగా వార్మప్‌లో వేసుకునే ప్రైడ్ జెర్సీ వేసుకోనన్నాడు. నాకు ఆ ఇద్దరి అభిప్రాయాలూ నచ్చవు. ప్రొవొరోవ్ చేసింది చూసి నొచ్చుకున్న పిల్లలు ఎంతమంది ఉంటారో అని ఆ రోజంతా బాధపడ్డాను. అయినా వాళ్ళ నోళ్ళు మూయించాలని మాత్రం అనను. వాళ్ళు చెప్పారు కాబట్టే మనం ఎదురు చెప్పగలిగాం. లీగ్ చేసిన పనే నాకు అసలు తప్పుగా కనిపించింది: గొడవ ఎందుకని వార్మప్‌లో అలాంటి జెర్సీలే వద్దంది, ఆ అక్టోబర్‌లో కర్రకి చుట్టుకునే రంగుల ప్రైడ్ టేప్‌ను కూడా నిషేధించింది. అప్పుడు అరిజోనాలో ట్రావిస్ డెర్మాట్ అనే ఆటగాడు, పెద్ద స్టార్ కూడా కాదు, అక్టోబర్ 21న ఆ టేప్ చుట్టుకుని మ్యాచ్ ఆడాడు. మూడు రోజుల్లో లీగ్ నిషేధం ఎత్తేసింది. ఏడాదికో కాంట్రాక్ట్ కోసం ఎదురుచూసే ఆటగాడు, ఎంత టెన్షన్ పడి ఉంటాడో ఆ టేప్ చుట్టుకుంటూ.

నోటికొచ్చినట్టు మాట్లాడటాన్ని నేను సమర్థించట్లేదు. 2008లో షాన్ ఏవరీ తన మాజీ ప్రియురాలి గురించి కెమెరాల ముందు అన్న నీచమైన మాటకి ఆరు మ్యాచ్‌ల సస్పెన్షన్ పడింది, పడాల్సిందే. ఒక మనిషిని కించపరచడం వేరు, తను చూసింది చెప్పడం వేరు, ఈ తేడా అందరికీ తెలుసు. కానీ అదే ఏవరీ 2011లో న్యూయార్క్‌లో స్వలింగ వివాహాల హక్కుకి మద్దతుగా వీడియోలో మాట్లాడాడు, హాకీలో ఆ మాట అనేవాళ్ళు అప్పటికి దాదాపు లేరు. మనుషులు అలాగే ఉంటారు, ఒకే నోట్లోంచి రెండూ వస్తాయి.

'కోట్లు తీసుకుంటున్నారు, ఆడి వెళ్ళిపోవచ్చు కదా' అనేవాళ్ళకి నా జవాబు మా రింక్‌లోనే ఉంది. మా అమ్మాయికి ఎవరూ పైసా ఇవ్వట్లేదు, మేమే ఎదురు కడుతున్నాం. అయినా నోరు మూసుకోవడం నేర్చుకుంది. భయం డబ్బులోంచి రాలేదు. ఎవరు ఎంతసేపు ఐస్ మీద ఉండాలో ఒక్క మనిషి చేతిలో ఉండటంలోంచి వచ్చింది. టీవీలో తను చూసే ఆటగాళ్ళందరూ అదే పాఠం చెప్తున్నారు, పక్ లోపలికి పంపాలి, సింపుల్‌గా ఆడాలి.

ఆ శనివారం ఇంటికెళ్ళాక మా పిల్లల లీగ్‌వాళ్ళకి మెయిల్ రాశాను, జరిగింది జరిగినట్టు, నా పేరు పెట్టి. రాసే ముందు మా అమ్మాయికి చెప్పాను. ఏడ్చింది. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నాకూ నిద్ర పట్టలేదు, తను నిజంగానే బెంచ్ మీద కూర్చోవాల్సి వస్తే ఆ తప్పు నాదేనని. ఇంకో ఇద్దరు తల్లులు కూడా రాశారని తర్వాత తెలిసింది. విచారిస్తామన్నారు, ఇప్పుడు ప్రాక్టీస్‌కి ఇంకో పెద్దాయన కూడా వచ్చి నిలబడుతున్నాడు. అంతవరకే అయింది.

తను మళ్ళీ మామూలుగా మాట్లాడటం మొదలుపెట్టిన రోజు, కారులోనే, అమెరికా అమ్మాయిల జాతీయ హాకీ టీమ్ గురించి చెప్పాను. తన గదిలో ఆ టీమ్ స్టార్ హిలరీ నైట్ పోస్టర్ ఉంది, కానీ ఈ కథ తెలియదు. 2017 మార్చిలో, సొంత దేశంలో ప్రపంచ చాంపియన్‌షిప్ రెండు వారాల్లో ఉందనగా, మాకు సరైన జీతం, మగవాళ్ళ టీమ్‌తో సమానంగా ప్రయాణాలు, ఇన్సూరెన్స్ ఇస్తే తప్ప ఆడమని ప్రకటించారు వాళ్ళు. అప్పటిదాకా ఒలింపిక్స్ చుట్టూ ఆరు నెలలు మాత్రం నెలకి 1,000 డాలర్లు ఇచ్చేవారు, మిగతా మూడున్నరేళ్ళు దాదాపు ఏమీ లేదు. ఆ దేశపు హాకీ ఫెడరేషన్ ఈ అమ్మాయిల బదులు వేరేవాళ్ళని వెతికింది. కాలేజీ అమ్మాయిలకి ఫోన్లు చేశారు, స్కూలు పిల్లలకి కూడా చేశారు.

"దేశం జెర్సీ ఇస్తామన్నారా? స్కూలు వాళ్ళకా?" అంది, కళ్ళు పెద్దవి చేసుకుని.

"ఇస్తామన్నారు."

"ఎవరు వెళ్ళారు?"

"కావలసినంతమంది దొరకలేదు. అడిగినవాళ్ళు అడిగినట్టు వద్దన్నారు. మార్చి 28న ఫెడరేషన్ ఒప్పందానికొచ్చింది, ఆ అమ్మాయిలే వెళ్ళి ఆడారు, ఫైనల్లో కెనడాని ఓవర్‌టైమ్‌లో ఓడించారు."

కెనడా ఓడిందన్నందుకు మొహం ముడుచుకుంది కాసేపు. తర్వాత గ్లవ్స్ ఒళ్ళో పెట్టుకుని అడిగింది, "ఆ స్కూలు పిల్లలకి వాళ్ళు ఫోన్ చేసి చెప్పారా, వెళ్ళొద్దని?"

"చేశారు. కెప్టెన్ దగ్గర్నుంచి అందరూ కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్లు చేసుకున్నారు."

ఇల్లు వచ్చేదాకా ఇంకేం అనలేదు. గరాజ్‌లో కారు ఆపాక, ఆ రోజు బోర్డు దగ్గర మోకాళ్ళ మీద ఉండిపోయిన పిల్ల ఫోన్ నంబర్ నా దగ్గర ఉందా అని అడిగింది.